తోంగ్‌పాల్ దగ్గర బండి ఆపినప్పుడు

మా మామయ్య నేల మీద గొంతుక్కూర్చోవడం ఆ రోజు దాకా నేను చూడలేదు. ఇంట్లో ఆయనకు పీట పనికిరాదు, చాప పనికిరాదు. భోజనానికి కుర్చీ, కొట్లో గల్లాపెట్టె ముందు కుర్చీ, సాయంత్రం వాకిట్లో మళ్ళీ కుర్చీ. ఎవరైనా అధికారి కొట్టుకు వస్తే కూర్చునే ఉండి హిందీలో మాట్లాడతారు గానీ లేచి నిలబడరు. అలాంటి మనిషి పట్టపగలు, ఇంకా తోంగ్‌పాల్ రాకముందే, హైవే పక్కన చెప్పులు విడిచి, రెండు చేతులూ తల వెనక పెట్టుకుని తారు మీద గొంతుక్కూర్చున్నారు. నేను స్టీరింగు ముందు కూర్చుని అద్దంలోంచి చూస్తున్నాను. ఆయనకు మతి చలించిందేమో అనుకున్నాను ముందు. ఆ చేతులు చూశాక కాదని తెలిసింది.

మాది రాష్ట్రం సరిహద్దు అవతల, అడవుల మధ్య కోంటాలో కిరాణా కొట్టు. ఉప్పు, నూనె, సబ్బులు, ఎండుచేపలు, వానాకాలం టార్పాలిన్లు అమ్ముతాం. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళ దగ్గర చింతపండు కొని జగ్దల్‌పూర్ మండీకి వేస్తాం. సరుకు మోయడానికి ఒక పికప్ బండి ఉంది. దాన్ని మా ఆయన నడిపేవారు. ఒకరోజు కొట్లోనే ఆయనకు మూర్ఛ వచ్చి పడిపోతే, డాక్టరు మందులు రాసి, ఇంక స్టీరింగు ముట్టుకోవద్దని చెప్పాడు. కూలికి పెట్టుకున్న డ్రైవర్లు ఒకడు పెళ్ళికని పోయి రాలేదు, ఇంకొకడు తాగి వచ్చాడు. అప్పుడు నేను నేర్చుకుంటానన్నాను. ఇంట్లో అందరూ నవ్వారు. నేర్చుకుని లైసెన్సు తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టాక నవ్వడం మానేశారు.

నాకు ఆ బండి కావాలి. ఈ మాట దాచుకోవలసిన అవసరం నాకు లేదు. పెళ్ళయి భద్రాచలం వైపు నుంచి వచ్చిన దగ్గర్నుంచి నా ప్రపంచం కొట్టు వెనక గది, వంటిల్లు, దొడ్డి. ఎప్పుడైనా పుట్టింటికి బస్సు. జగ్దల్‌పూర్ మండీలో ధర ఎంత పలికిందో, దారిలో వాన పడిందో లేదో, అన్నీ మగవాళ్ళు వచ్చి చెబితే వినడమే. నేర్చుకునే రోజుల్లో మొదటిసారి మూడో గేరు వేసినప్పుడు కలిగిన సంతోషం ఎవరికి చెప్పినా అర్థం కాదు.

కానీ బండి మామయ్యది. ఆయన ఒక షరతు పెట్టారు.

"ఒక్కసారి నన్ను పక్కన కూసోబెట్టుకుని జగ్దల్‌పూర్ పోయి రావాలె. దారిల పోలీసోడు నీ మీద ఒక్క వంక పెట్టినా, ఒక్క చలాను పడ్డా, ఇంటికొచ్చినంక బండి అమ్ముడే. మళ్ళ నన్ను అడగొద్దు."

బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఆయన వాకిట్లో కుర్చీలో కూర్చుని, నన్ను ఎదురుగా నిలబెట్టి పరీక్ష పెట్టారు. ఈ దారిలో బండి నడపడమంటే గేర్లూ బ్రేకులూ కాదు, ఎవరైనా ఆపినప్పుడు ఏం చెయ్యాలో తెలియడం అని ఆయన నమ్మకం.

"దూరంగ బారికేడ్ కనపడ్డది. ఏం చేస్తవ్?"

"స్పీడు తగ్గిస్తా. అద్దాలు దించుతా. పాటలు పెట్టుకుంటే ఆపేస్తా."

"మొహానికి స్కార్ఫు కట్టుకుంటవు గద?"

"తీసేస్తా."

"చేతులు?"

"స్టీరింగు మీద."

"ఆడ్నే ఉండాలె. సంచిలోకి పోవద్దు, సీటు కిందికి పోవద్దు, ఫోను ముట్టద్దు. కాయితాలు అడిగిండనుకో, 'సాబ్, డబ్బాల ఉన్నయి, తీస్తున్న' అని నోటితోని చెప్పినంకనే చెయ్యి కదలాలె. అడిగినదానికే జవాబు. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏం సరుకు. ఎక్కువ తెలివి చూపియ్యద్దు."

నాకు నేర్పిన డ్రైవింగు మాస్టారు కూడా ఇంచుమించు ఇదే చెప్పాడు. ఎడమ ఇండికేటరు వేసి రోడ్డు మీంచి పూర్తిగా పక్కకు తియ్యమన్నాడు, ఇంజను ఆపమన్నాడు, జరిమానా వేస్తే రసీదు తీసుకోమన్నాడు, న్యాయం కాదనిపించినా రోడ్డు మీద గొడవ పడొద్దన్నాడు. ఒక్కచోటే ఇద్దరికీ పొసగలేదు. దిగమని చెప్పేదాకా బండిలోంచి దిగొద్దని మాస్టారు. ఆపంగనే దిగాలని మామయ్య.

"కూసోని ఉన్నోని మీద వాళ్ళకు అనుమానం పుడతది," అన్నారు.

"మాస్టారు అట్ల చెప్పలేదు మామయ్యా."

"మీ మాస్టారు ఈ రోడ్డు మీద ఎప్పుడు తిరిగిండు?"

నేను పట్టు విడవలేదు. ఆయన కసురుతారనుకుంటే, ఎందుకో తగ్గారు. "సరే, ఆడిదానివి, నువ్వు దిగకు. నేను దిగుతా," అన్నారు. పెద్దాయన పంతం అనుకుని ఊరుకున్నాను.

పొద్దున్నే చింతపండు బస్తాలు ఎక్కించి, తాడు బిగించి బయల్దేరాం. నేను బెల్టు పెట్టుకున్నాను. మామయ్యను కూడా పెట్టుకోమన్నాను.

"అది నీకు. నాకెందుకు?"

"పక్కన కూర్చున్నోళ్ళకు కూడా రూలే. చలాను పడితే నన్ను అనొద్దు."

"పడితే నీ మీదనే. స్టీరింగు నీ చేతుల లేదా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దోర్నాపాల్ దాటాం, సుక్మా దాటాం. దారి పొడుగునా ఆయన నోటికి విశ్రాంతి లేదు. హారన్ ఎక్కువ కొడుతున్నానట, మేకలకు దారిస్తే లారీవాడు తిడతాడట, లారీకి దారిస్తే మేకలు చస్తాయట. జవాన్ల క్యాంపుల ముందు బారికేడ్లు వచ్చినప్పుడు మాత్రం మాట ఆగిపోయేది. ఆయన ఎడమచెయ్యి వెళ్ళి తలుపు పిడి మీద పడేది. మమ్మల్ని ఎక్కడా ఆపలేదు, చేత్తోనే పొమ్మన్నారు. నాకు ధైర్యం పెరిగింది. సగం పరీక్ష పాసైనట్టే అనుకున్నాను.

తోంగ్‌పాల్ ఇంకా కొంచెం దూరం ఉండగా ట్రాఫిక్ చెకింగు. ముందు రెండు మోటారుసైకిళ్ళు, ఒక కారు ఆగి ఉన్నాయి. చేతిలో చలాను మిషను పట్టుకుని ఒక ఆడ కానిస్టేబులు, వయసులో మా ఆడపడుచు కూతురంత ఉంటుంది, నన్ను చూసి పక్కకు తియ్యమని చెయ్యి ఊపింది. కాస్త వెనగ్గా, ఇప్పచెట్టు నీడలో, తుపాకీ భుజాన వేసుకున్న జవాను ఒకాయన సీసాలోంచి నీళ్ళు తాగుతున్నాడు.

నేను చెప్పినవన్నీ చెప్పినట్టే చేశాను. ఇండికేటరు వేశాను, పక్కకు తీశాను, స్కార్ఫు దించాను, ఇంజను ఆపాను, చేతులు స్టీరింగు మీద పెట్టాను. లోపల్లోపల నన్ను నేనే మెచ్చుకుంటున్నాను కూడా. అంతలో పక్కనుంచి గాలి తగిలింది. మామయ్య తలుపు తీసుకుని అప్పుడే దిగిపోయారు.

బండి ముందుకు నడిచి వెళ్ళారు. చెప్పులు విడిచారు. చొక్కా రెండు చేతులా ఛాతీ దాకా ఎత్తి, నడుములో ఏమీ దాచలేదని కనిపించేలా ఒక చుట్టు తిరిగారు. తెల్లటి ఆ పొట్ట, పంచె కట్టిన చోట పడిన మచ్చ, అన్నీ నాకు కనిపించాయి. కోడలు చూడకూడనివి. జేబులోంచి చేతిరుమాలు, కళ్ళద్దాల డబ్బా తీసి నేల మీద పక్కపక్కనే పెట్టారు. తర్వాత గొంతుక్కూర్చున్నారు. చేతులు తల వెనక్కి వెళ్ళాయి. ఎక్కడా తడబాటు లేదు, ఆలోచించుకోవడం లేదు. రోజూ స్నానం చేసి బొట్టు పెట్టుకున్నంత అలవాటుగా ఒకదాని తర్వాత ఒకటి జరిగిపోయాయి.

"దుకాన్‌దార్ హూఁ సాబ్. కోంటా. ఇమ్లీ హై సాబ్. ఔర్ కుఛ్ నహీఁ సాబ్."

నేను కొట్టువాణ్ణి, బండిలో చింతపండు తప్ప ఇంకేం లేదు అని. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. పప్పులో ఉప్పు తక్కువైతే వీధి చివరిదాకా వినిపించే గొంతు అది. ఇప్పుడు సన్నగా, చిన్నపిల్లాడు బడిలో ఒప్పజెప్పినట్టు వస్తోంది. తల ఎత్తి చూడటం లేదు కాబట్టి ఎదురుగా ఉన్నది ఆడపిల్ల అని కూడా ఆయనకు తెలియదు. మాటమాటకీ సాబ్ అంటున్నారు.

నేను స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు. కానిస్టేబులూ కదల్లేదు. మిషను పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. "బాబా, యే క్యా కర్ రహే హో? ఉఠో బాబా," అంది. ఇదేం చేస్తున్నారు, లేవండి అంటోంది. ఆయన లేవలేదు. మళ్ళీ అంది. ఇంకొంచెం తల వంచుకున్నారు తప్ప కదల్లేదు. ఆ పిల్ల భయపడిపోయి నా వైపు చూసింది, నేనేదో చెబుతానని.

ఇప్పచెట్టు కింది జవాను సీసా మూత బిగించి నెమ్మదిగా వచ్చాడు. మీసాలు నెరిసిన మనిషి. మామయ్యకు కాస్త దూరంలో ఆగి, మొహం రోడ్డు వైపు తిప్పుకుని, పొమ్మని ఒక్కటే మాట అన్నాడు. "జా."

మామయ్య వెంటనే లేచారు.

ఆ ఒక్క మాటకు లేవాలని ఈయనకు తెలుసు, ఆ ఒక్క మాటే అనాలని జవానుకూ తెలుసు. జవాను మళ్ళీ వెనక్కి చూడకుండా చెట్టు కిందికి వెళ్ళిపోయాడు.

కానిస్టేబులు నా కిటికీ దగ్గరకొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు. "మీరు వెళ్ళండి దీదీ, వెళ్ళిపోండి," అంది హిందీలో.

"ఎందుకు ఆపారు మమ్మల్ని?"

"ఆయన సీట్ బెల్ట్ పెట్టుకోలేదు, అందుకు. పర్లేదు, వెళ్ళండి."

దిగనా అని అడిగి దిగాను. కళ్ళద్దాల డబ్బా, చేతిరుమాలు ఏరి ఆయన జేబులో పెట్టాను. చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టాను. ఆయన నన్ను చూడలేదు. నాకు అప్పుడు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీద కోపమో ఇప్పటికీ చెప్పలేను. ఆ పిల్ల మీద కాదు, జవాను మీద కూడా కాదు.

"చలాను రాయండి," అన్నాను.

"వద్దు దీదీ."

"వదిలెయ్యద్దు. బెల్టు పెట్టుకోకపోతే ఏం వేస్తారో అదే వెయ్యండి. అందరికీ ఎంత వేస్తారో అంతే వెయ్యండి. ఆయన పేరున వెయ్యండి, కాగితం ఆయన చేతికివ్వండి."

చలాను పడితే బండి పోతుందని నేను మర్చిపోలేదు. కానీ జాలిపడి వదిలేస్తే ఆయన ఆ జాలిని కూడా తాను అలా కూర్చున్నందుకు దొరికిన ఫలితం అనుకుంటారు. బెల్టు పెట్టుకోని మనిషికి పడేది జరిమానా. తప్పు అంత, శిక్ష అంత. అది ఆయన తన కళ్ళతో చూడాలి. నాకు అదొక్కటే తోచింది.

ఆ పిల్లకు నేను చెప్పింది అర్థమైందో లేదో తెలియదు. మిషను నొక్కింది. కాగితం వచ్చింది. దాన్ని రెండు చేతులతో మామయ్యకిచ్చి, "సీట్ బెల్ట్ కా హై బాబా," అంది. ఆయన ఆ కాగితాన్ని తిరగేసి చూశారు, మళ్ళీ ఇటు తిప్పి చూశారు. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అడిగారు.

"ఇంతేనా?"

"ఇంతే మామయ్యా."

"ఇంకేం లేదా?"

"ఏం లేదు. ఎక్కండి."

తోంగ్‌పాల్‌లో టీ కొట్టు దగ్గర ఆపాను. టీ గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చాను. అప్పుడు అడిగాను, ఇట్ల ఎవరు కూర్చోబెట్టేవారు అని.

"ఎవరని అడుగుతరా ఎవరన్నా? తుపాకి ఉన్నోళ్ళు. ఒకదినం క్యాంపులోళ్ళు, ఒకదినం అడివిలోళ్ళు. ఎవరైనా అదే కూసునుడు."

"లెమ్మన్నా ఎందుకు లేవలేదు?"

"ఒకడు లెమ్మంటడు. ఎందుకు లేచినవని ఇంకోడంటడు. 'జా' అనాలె. అప్పుడే లేవాలె." గ్లాసు పక్కన పెట్టారు. "బెల్టు పెట్టుకుంటే దిగుడు లేటయితది. అందుకే పెట్టుకోను. మీ అత్తకు ఇవన్ని తెల్వవు. చెప్పకు."

నాకు బస్సు ప్రయాణాలు గుర్తొచ్చాయి. పాత రోజుల్లో బస్సులు ఆపినప్పుడు మగవాళ్ళను దింపేవారు, ఆడవాళ్ళను సీట్లలోనే ఉండమనేవారు. మేం కిటికీలోంచి చూస్తే బస్సు ముందు భాగం అడ్డం. మగవాళ్ళు తిరిగి వచ్చి, ఏం లేదు, పేర్లు అడిగారు అనేవారు. మేం నమ్మి మళ్ళీ కునుకు తీసేవాళ్ళం. ఇంకొకటి గుర్తొచ్చింది. మామయ్య జగ్దల్‌పూర్ నుంచి ఎప్పుడొచ్చినా తిన్నగా దొడ్లోకి పోయి, తన పంచె తానే ఉతుక్కుని ఆరేసేవారు. రోడ్డు మైల ఇంట్లోకి రానివ్వరని అత్తయ్య చుట్టాలందరికీ గొప్పగా చెప్పేది. ఇంటెడు మందిమి, ఇన్నేళ్ళుగా ఒక్క కప్పు కింద ఉండి, ఆయన తిట్లు వింటూ ఆయనకు భయపడ్డాం. ఆయన ఎవరికి భయపడుతున్నారో మాలో ఒక్కరికీ తెలియదు.

మండీలో బస్తాలు దించాం, సరుకు ఎక్కించుకున్నాం. బేరం దగ్గర ఆయన గొంతు మళ్ళీ మామూలుగా లేచింది. తిరుగు ప్రయాణంలో నేను చెప్పకముందే బెల్టు లాగి పెట్టుకున్నారు. మూడుసార్లు తప్పి, నాలుగోసారికి కొక్కెం టక్కుమని పడింది. నాకు ఆశ పుట్టింది.

సుక్మా దాటాక, పొద్దు ఇంకా ఉండగానే, ఒక బారికేడ్ దగ్గర ఆపారు. తుపాకీ పట్టుకున్న జవాను బండి వైపు వస్తున్నాడు. మామయ్య చెయ్యి తలుపు మీదికి పోయింది. తలుపు తెరుచుకుంది గానీ మనిషిని బెల్టు పట్టేసింది. ఆయన ముందుకు గుంజుకున్నారు, మళ్ళీ గుంజుకున్నారు. ఆ బెల్టు ఎంత గుంజితే అంత బిగుస్తుంది. "విప్పు, విప్పు, విప్పమ్మాయ్," అంటున్నారు. మొహమంతా చెమట. నా చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, తీస్తే ఎదుటివాడు ఏమనుకుంటాడో అని. ఆ రెండు క్షణాలూ నాకు నరకం కనిపించింది.

గట్టిగా, కిటికీలోంచి, హిందీలో చెప్పాను. "సాబ్, మా మామగారు కంగారు పడుతున్నారు. ఆయన చెయ్యి పట్టుకుంటున్నాను. ఇంకేం లేదు."

జవాను ఆగిపోయి సరేనన్నట్టు తలూపాడు. నేను చెయ్యి చాపి ఆయన చెయ్యి పట్టుకున్నాను. మామగారి చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. చల్లగా ఉంది. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏం సరుకు అని అడిగాడు, చెప్పాను. వెళ్ళమన్నాడు. ఇంటిదాకా ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు.

కొట్టు ముందు బండి ఆపి, ఇంజను ఆపి, తాళాలు ఆయన చేతికి అందించబోయాను. మాట మాటే. చలాను పడింది. బండి ఆయన అమ్ముకుంటారు. నేను దానికి సిద్ధపడే ఉన్నాను.

ఆయన తీసుకోలేదు. నెమ్మదిగా బెల్టు విప్పుకున్నారు.

"నీ దగ్గర్నే ఉంచు. మంచిగ నడిపినవ్. ఇంక నువ్వే పో, నువ్వే రా."

"మీరు కూడా రండి మామయ్యా. కొన్నిసార్లు వస్తే ఆ భయం అదే పోతుంది."

"పోదు." తలుపు తీసి, దిగబోతూ నా చేతుల వైపు చూశారు. "ఇయ్యాల నీ చేతులు స్టీరింగు మీద బిగుసుకుపోయినయి. నేను చూసిన. నీ పక్కన నేను కూసుంటే, నా కూసునుడు నీకు గూడ వస్తది. వద్దమ్మా."

దిగి ఇంట్లోకి వెళ్ళిపోయారు. నేను కోరుకున్న తాళాలు నా చేతిలోనే ఉన్నాయి. బండిలోనే కూర్చుని, మొహం స్కార్ఫులో దాచుకుని ఏడ్చాను.